డొమినికా కొండ ఎంత దూరం కనిపిస్తుంది

నా మేనకోడలి చేతి గాజులు తీసే రోజు నా లెక్క మీద ఖాయమైంది. ఆ లెక్కలో తప్పుందని నాకు తెలిసేసరికి కర్మ మొదలు కావడానికి నాలుగు రోజులే మిగిలాయి. నలభై రెండో సంవత్సరం చివర్లో జరిగిన సంగతి ఇది. ఆరేళ్ళయినా అందులోని అంకెలన్నీ నాకు వరసగా గుర్తున్నాయి.

అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. బెజవాడ ఆనకట్ట దగ్గర కొలబద్ద చూసి కృష్ణ నీటిమట్టం రాసే గుమస్తాని. చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతా లెక్కలన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని, కాలవల సర్వేకు వచ్చే ఓవర్సీర్లను అడిగి సొంతంగా నేర్చుకున్నవే. చుట్టాల్లో ఎవరికి ఏ కొలత కావలసినా గవర్నర్‌పేటలో మా ఇంటికి వచ్చేవారు. గాదెలో ఎన్ని బస్తాలు పడతాయి, బావి తవ్వితే ఎన్ని బండ్ల మట్టి వస్తుంది, ఇలాంటివి. నేను చెప్పిన అంకె ఎప్పుడూ పెద్దగా తప్పలేదు. అందుకే ఈసారి కూడా నా మాటను ఎవరూ సందేహించలేదు.

మా అక్కా బావా పోయాక వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి పుట్టిల్లు నేనే. పెడనలో మగ్గాల ఇంటికి ఇచ్చాం. పెళ్ళిలో బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చింది నేనే. యుద్ధం వచ్చి నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయినప్పుడు ఆమె భర్త కలకత్తా పోయి సరుకు ఓడలో కలాసీగా చేరాడు. ఏడాది తిరక్కుండా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. అట్లాంటిక్ సముద్రంలో జర్మనీవాళ్ళు ఓడను ముంచారు, మీ మనిషి ఆచూకీ లేదు, అంతే.

ఆ ఉత్తరం వచ్చిన మూడు నెలలకు, అదే ఓడలో పనిచేసిన బందరు కలాసీ ఒకడు ప్రాణాలతో ఇల్లు చేరాడు. నా మేనకోడలి బావగారు, అంటే ఆమె భర్తకు అన్న, ఆ కలాసీని వెంటబెట్టుకుని బెజవాడ వచ్చాడు.

"మావయ్యగారూ, ఇతను చెప్పింది విని మీరో మాట చెప్పండి. మా అమ్మ నిద్రపోవడం లేదు" అన్నాడు.

కలాసీ అరుగు మీద కూర్చుని చెప్పాడు. "రెండు పడవలు దింపామండి. మా పడవలో దిక్సూచి ఉందండి. మీ అల్లుడుగారి పడవలోది దించేటప్పుడే పగిలిపోయింది. దొర కేకేసి చెప్పాడండి, పడమటేపు నాలుగొందల మైళ్ళలో డొమినికా అని దీవుంది, పొద్దున సూర్యుణ్ణి వీపు మీద, సాయంత్రం మొహం మీద పెట్టుకుని పొండి అని."

"నువ్వు చూశావా ఆ దీవిని?"

"లేదండి. మూడోనాడు ఇంకో ఓడొచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. అప్పటికే ఆ పడవ కనబళ్ళేదు."

"మంచినీళ్ళు?"

"పీపా ఉందండి. పదహారు మంది. గుక్కెడేసి తాగితే పన్నెండు రోజులు."

"తెరచాప?"

"చిన్నదుందండి. గాలి ఎప్పుడూ తూర్పునించే. సముద్రం కూడా అటేపే లాగుద్ది. రోజుకి నలభై మైళ్ళు ఎటూ పోద్దండి పడవ."

పది రోజుల ప్రయాణం, పన్నెండు రోజుల నీళ్ళు. అక్కడికి బాగానే ఉంది.

"చేరి ఉంటే ఉత్తరం రాదా?" అన్నాడు అన్నగారు.

"ఉత్తరాల సంగతి చెప్పకండి బాబూ. నేను రాసింది నేను ఇంటికొచ్చిన పది రోజులకి వచ్చింది. మా ఆడది నన్నే చదివిపెట్టమంది."

అన్నగారు నవ్వలేదు. నేను కాగితం తీశాను.

దిక్సూచి లేని మనిషి ఎంత పక్కకు పోతాడు? చెయ్యి చాపి పిడికిలి బిగించి చూస్తే అది కప్పేది సుమారు పది డిగ్రీలు. అటు ఒక పిడికిలి, ఇటు ఒక పిడికిలి తప్పవచ్చనుకున్నాను. నాలుగు వందల మైళ్ళ దూరాన పిడికిలి అంటే డెబ్భై మైళ్ళు. అంటే పదోనాటికి ఆ పడవ నూట నలభై మైళ్ళ వెడల్పులో ఎక్కడైనా ఉండవచ్చు. అందులో ఎన్ని మైళ్ళ మేర నుంచి దీవి కనబడుతుందన్నది ప్రశ్న. కనబడితే తెరచాప సర్దుకుని అటు తిరుగుతారు. కనబడకపోతే దాటి వెళ్ళిపోతారు. తూర్పుగాలికి ఎదురు తిరిగి వెనక్కి రావడం వాళ్ళ తరం కాదు.

ఎత్తయిన వస్తువు నీటి మీద ఎంత దూరానికి కనబడుతుందో ఒక ఓవర్సీరు నాకు నేర్పాడు. అడుగుల్లో ఎత్తును ఒకటిన్నరతో హెచ్చవేసి వర్గమూలం తీస్తే మైళ్ళు వస్తాయి. చూసేవాడి కంటి ఎత్తుకు కూడా అలాగే తీసి కలపాలి.

నా దగ్గరున్న పాత బడి అట్లాసులో డొమినికా ఒక చుక్క. వెనక పట్టికలో పొడవు ఇరవై తొమ్మిది మైళ్ళని ఉంది. ఎత్తు లేదు. అది లేకపోవడం నాకు లోటుగా కూడా తోచలేదు. పుట్టిన దగ్గర్నుంచి నేను చూసిన దీవులన్నీ కృష్ణలో లంకలు. వరద తెచ్చిన ఒండ్రు పేరుకుంటే లంక, ఇంకో వరద కోసుకుపోతే లేదు. బెజవాడ నుంచి సముద్రం దాకా మైలుకు అడుగు చొప్పున వాలిన నేల మాది. లంకకు ఎత్తేమిటి? గట్టు పది అడుగులు, దాని మీద తాటిచెట్టు యాభై, మొత్తం అరవై అన్నాను. అరవైకి తొమ్మిదిన్నర మైళ్ళు. పడవలో కూర్చున్నవాడి కంటికి రెండున్నర. పన్నెండు మైళ్ళు. దీవి పొడవుకు అటు పన్నెండు, ఇటు పన్నెండు కలిపితే యాభై మూడు.

నూట నలభైలో యాభై మూడు.

"పదిలో నాలుగు పాళ్ళు కూడా లేవు" అన్నాను.

"అంటే లేడనే కదండీ, మావయ్యగారూ?"

నేను అలా అనలేదు. కాదని కూడా అనలేదు. కాగితం మడిచి పెట్టాను. అతను ఆ మడతనే జవాబుగా తీసుకుని వెళ్ళాడు.

వారానికి కార్డు వచ్చింది. వచ్చే అమావాస్యకు కర్మ పెట్టుకున్నామనీ, చీరతో రావలసిందనీ. ఆచూకీ లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. పదోనాడు భార్యకు గాజులు తీసి బొట్టు చెరిపి పుట్టింటి చీర కప్పుతారు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం పుట్టింటివాళ్ళు ఆ చీరను మొదటి రోజే తెచ్చి చూపించాలి. అది చూస్తే తప్ప బొమ్మకు నిప్పు పెట్టరు. నేను చీర కొన్నాను. మా ఆవిడ దాన్ని చేత్తో ముట్టుకోకుండా పెట్టెలో అడుగున పెట్టమంది.

ఇక నాలుగు రోజులుందనగా మా ఎదురింటి పంతులమ్మగారు వచ్చారు. మిషను బడిలో భూగోళం చెప్పే క్రైస్తవుల ఆవిడ. పిల్లల కోసం గీసిన పటాల్లో కొలత సరిపోయిందో లేదో నా చేత చూపించుకునేవారు. ఆవేళ బల్ల మీద నా లెక్క కాగితం కనబడింది.

"డొమినికా అరవై అడుగులా? ఎవరు చెప్పారండీ గుమస్తాగారూ?"

"తాటిచెట్టుతో కలిపి."

ఆవిడకు నవ్వొచ్చింది. "తాటిచెట్టెక్కి కొలిచారా ఏమిటి?" అన్నారు. తర్వాత నా మొహం చూసి ఆపేశారు. సంగతి చెప్పాను. ఆవిడ వెళ్ళి ఒక లావుపాటి ఇంగ్లీషు భూగోళం తెచ్చారు. నిలబడే చదివి తెలుగులో చెప్పారు.

అది ఒండ్రు నేల కాదు. అగ్నిపర్వతాలు సముద్రం అడుగు నుంచి పైకి తోసుకొచ్చిన కొండల గుట్ట. చదునైన నేల బహు తక్కువ. ఒక లోయలో నీళ్ళు వాటంతటవే కుతకుత ఉడికే మడుగు ఉంది. అన్నిటికన్నా పెద్ద కొండ ఎత్తు నాలుగు వేల ఏడువందల నలభై ఏడు.

"గజాలా, అడుగులా?"

"అడుగులేనండీ."

"ఇంకోసారి చూడండమ్మా."

"అడుగులే. చూడండి, మీరూ చదవగలరుగా."

చదివాను. ఇంద్రకీలాద్రి నీడలో రోజూ కొలబద్ద చూసేవాణ్ణి నేను. నీళ్ళ పక్కన కొండ ఉండగలదని నాకు తెలియనిది కాదు. నీళ్ళ మధ్య నుంచి లేస్తుందని మాత్రం తట్టలేదు.

ఆవిడ ఎదుటే మళ్ళీ వేశాను. ఎనభై నాలుగు మైళ్ళు, కంటికి రెండున్నర, ఎనభై ఆరనుకుందాం. దీవి పొడవుకు అటూ ఇటూ కలిపితే రెండు వందల ఒకటి. పడవ తప్పగలిగింది నూట నలభైలోనే. అంటే ఎటు పోయినా కొండ కనబడి తీరాలి. నాకు సంతోషం కలగలేదు. మనిషికి నీళ్ళు వదలమని దాదాపుగా చెప్పింది నేను.

"ఒక్క మాట, గుమస్తాగారూ" అన్నారు పంతులమ్మగారు. "ఆ శిఖరాల మీద ఏడాదిలో చాలా రోజులు మబ్బు కప్పేసి ఉంటుందట."

సగం పైన కొట్టేసి, రెండు వేల అడుగుల దాకానే కనబడుతుందనుకున్నాను. యాభై నాలుగు చిల్లర, రెండున్నర, మొత్తం యాభై ఏడు. అటూ ఇటూ కలిపితే నూట నలభై మూడు.

నూట నలభైకి పైన మూడు మైళ్ళే మిగిలాయి. ఆ మూడు మైళ్ళను ఎన్నిసార్లు తిరగేసి వేశానో చెప్పలేను. పిడికిలి కొలతలో నేను ఒక డిగ్రీ పొరబడినా అవి మాయమవుతాయి.

పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది. గాలికి ఎదురుగా ఉన్న తూర్పు ఒడ్డు నిటారు రాళ్ళు, పెద్ద అలలు, పడవలు దిగే చోట్లు అరుదు. రేవులు పడమటి వైపు ఉన్నాయి. మనవాళ్ళ పడవ వచ్చేది తూర్పు నుంచి. కాగితం మీద చివర "రేవు" అని రాసి, దాని ఎదుట ఏం వెయ్యాలో తెలియక వదిలేశాను. దానికి నా దగ్గర సూత్రం లేదు.

తంతి ఇవ్వవచ్చు. కాని వర్గమూలం సంగతి తంతిలో ఏం చెప్పను? నేను వెళ్ళకపోతే వరసకు అన్నో తమ్ముడో ఇంకెవరో చీర చూపిస్తారు. సెలవు అమావాస్యకు మాత్రమే ఇచ్చారు. ఆ పొద్దున బందరు రైలెక్కాను. మా ఆవిడ పెట్టె తెరిచి నావంక చూసింది. మూసెయ్యమన్నాను.

పెడనలో ఆ ఇంటి వాకిలికి వెళ్ళేసరికి అరటాకు మీద దర్భ బొమ్మ సిద్ధంగా ఉంది. పురోహితుడు వేళ కోసం నీడ కొలుచుకుంటున్నాడు. ఊళ్ళో పెద్దలు నలుగురైదుగురు మగ్గం గుంటల పక్కన కూర్చున్నారు. గుమ్మం లోపల నా మేనకోడలు జుట్టు విరబోసుకుని నిలబడి ఉంది. చేతులకు ఆకుపచ్చ గాజులు. నన్ను చూసి ముందు నా చేతులవంకే చూసింది.

అన్నగారూ చేతులే చూశాడు. "చీర ఏదండీ?"

"తేలేదు."

"తేలేదంటే? రైల్లో మర్చిపోయారా?"

"లెక్క తప్పింది నాయనా. ఆ దీవి లంక కాదు, కొండ. తొంభై అయిదు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంతో అంత. మబ్బుపట్టినా యాభై మైళ్ళ అవతల నుంచి కనబడుతుంది. వాళ్ళు దాన్ని చూడకుండా దాటిపోయే అవకాశం బాగా తక్కువ."

"మొన్న లేడన్నారు. ఇవాళ ఉన్నాడంటున్నారు. మా తమ్ముడేమన్నా మీ ఆనకట్ట నీళ్ళాండీ, పొద్దునో అంకె, సాయంత్రమో అంకె రాసుకోడానికి?"

ఎవరో నవ్వి, వెంటనే దగ్గినట్టు సర్దుకున్నారు. అతను అన్నది న్యాయమే.

"మీరు చూశారా ఆ కొండని?" అన్నాడు పెద్దల్లో ఒకాయన.

"లేదండి. పుస్తకంలో ఉంది."

"ముందు వేసిన లెక్క కూడా పుస్తకంలోదేగా?"

"ముందు వేసింది నా బుర్రలోది."

పురోహితుడు వేళ మించిపోతోందన్నాడు. అన్నగారు లేచి, "వరసకు పుట్టింటివాళ్ళు ఊళ్ళో ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి" అన్నాడు. తమ్ముడి మీద పగ కాదు. మూడు నెలలుగా రాత్రిళ్ళు తల్లి ఏడుపు విన్నవాడు.

అప్పుడు ఆ తల్లి మాట్లాడింది. అప్పటిదాకా గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. "అన్నయ్యగారూ, ఆ ఎత్తుల గొడవ నాకొద్దు. వాడు రోజూ కల్లోకొచ్చి మంచినీళ్ళు అడుగుతున్నాడు. బతికున్నాడో లేదో నాకు తెలీదు. దాహంతో ఉన్నాడని మాత్రం తెలుసు. అందుకే ఈ నీళ్ళన్నా వదులుదామన్నాను. ఆ దీవిలో మంచినీళ్ళున్నాయా? లేకపోతే మన సముద్రప్పక్క ఊళ్ళలాగా తవ్వితే ఉప్పేనా?"

ఇది ఎవరూ నన్ను అడగని లెక్క. కాని పుస్తకంలో ఉంది.

"ఉన్నాయి చెల్లెమ్మా. అక్కడి మబ్బులన్నీ ఆ కొండలకు కొట్టుకుని అక్కడే కురుస్తాయిట. కొండకో ఏరు. మన కృష్ణలా పారి పారి రావు. పుట్టినచోటి నుంచి సముద్రం కొన్ని మైళ్ళే, రాళ్ళ మీద నుంచి దూకుతూ తియ్యటి నీళ్ళే సముద్రంలో పడతాయి. ఒడ్డున ఎటు నడిచినా ఏదో ఒక ఏరు తగులుతుంది."

"కాలవ తవ్వకుండానే?"

"తవ్వకుండానే."

"ఎండాకాలం?"

"ఎండాకాలమూ కురుస్తుందిట."

ఆవిడ లేచి వచ్చింది. అరటాకుతో సహా ఆ బొమ్మను ఎత్తి పురోహితుడి ముందు నుంచి పక్కకు పెట్టింది. "ఆపండి. అన్ని నీళ్ళున్నచోట ఉన్నవాడికి నేను నీళ్ళు వదలను."

"అమ్మా, ఆయన చేరాడని చెప్పలేదే! కనబడి ఉంటుందన్నారంతే."

"కనబడితే వాడు చేరతాడు. నువ్వు కాదు వాడు. నీకంత తొందరగా ఉంటే నేను పోయాక నాకు వదులు."

అన్నగారు నావంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇదంతా తప్పితే మోయవలసింది నువ్వే అన్నట్టు ఉంది.

ఆ మధ్యాహ్నం పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే నా మేనకోడలు చెంబు పట్టుకుని వచ్చింది. నీళ్ళు పోస్తూ మెల్లగా అడిగింది. "మావయ్యా, నువ్వు వాకిట్లో ఒడ్డు మాట ఎత్తలేదు. పడవ దిగడానికి అక్కడ రేవుందా?"

కాలవ ఒడ్డున పెరిగిన పిల్ల. నీళ్ళలో పోయేవాళ్ళు ఎక్కువమంది గట్టు దగ్గరే పోతారని దానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఉందమ్మా" అన్నాను.

పడమటి వైపు ఉంది. అది అబద్ధం కాదని ఆ రాత్రి రైల్లో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

తర్వాత తొమ్మిది నెలలు కబురు లేదు. ప్రతి అమావాస్యకూ పెడన నుంచి కార్డు వస్తుందేమోనని చూసేవాణ్ణి. రోజూ కొలబద్ద దగ్గర అంకె రాసేటప్పుడు, రాసింది ఇంకోసారి చూసుకునే అలవాటు అప్పుడే పట్టుకుంది. పంతులమ్మగారు ఎప్పుడూ అడిగేవారు కాదు. వీధిలో ఎదురైతే నా మొహం చూసి తల ఊపి వెళ్ళిపోయేవారు.

పదో నెలలో ఒక ఉదయం మా వీధిలో రిక్షా ఆగింది. ముందు నా మేనకోడలు దిగింది. తర్వాత ఒక కర్ర, దాని వెనక ఒక మనిషి. ఎడమకాలు మోకాలి కింద వంకరగా అతుక్కుని ఉంది. మొహం నల్లబడి, సగమై ఉన్నాడు.

"మావయ్యగారూ," అన్నాడు గుమ్మంలోనే, "రేవుందని చెప్పారటగా మా ఇంట్లో? ఏదండీ? నాకు కనబళ్ళేదు."

కూర్చోబెట్టాం. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ తాగి చెప్పాడు. పదకొండో రోజు పొద్దున పడమట మబ్బు కనబడింది. మూడు గంటలు చూశారు. చుట్టూ ఉన్న మబ్బులన్నీ కదిలాయి, అది కదల్లేదు. అప్పుడు ఒక ముసలి కలాసీ, అది మబ్బు కాదు, దాని కింద కొండ ఉంది అన్నాడు.

"ఎంత దూరంలో?" అన్నాను నేను. ఆగలేకపోయాను.

"కొలబద్ద తీసుకెళ్ళడం మర్చిపోయానండి."

కొండకు ఎదురుగానే వెళ్ళారు. ఒడ్డు గోడలా ఉంది. చుట్టు తిరిగి పడమటికి పోదామంటే చేతుల్లో శక్తి లేదు, పీపాలో నీళ్ళు లేవు. అల పడవను ఎత్తి రాళ్ళ మీద కొట్టింది. ఇతని కాలు అక్కడ విరిగింది. చేపలు పట్టేవాళ్ళు తాళ్ళు వేసి లాగారు. అక్కడి ఆసుపత్రిలో ఏడు నెలలున్నాడు. ఉన్నన్నాళ్ళూ కప్పు మీద వాన చప్పుడేనట. పక్కనే ఏరు. మొదటి రోజు ఎన్నిసార్లు నీళ్ళిచ్చినా ఇంకా అడిగేవాడట. రాసిన ఉత్తరాలు నాలుగు. ఒకటీ అందలేదు.

నేను నా మేనకోడలి వంక తిరిగాను. చెప్పవలసింది అప్పుడే చెప్పాలనిపించింది. "అమ్మాయ్, రేవు సంగతి నాకు..."

"నాకప్పుడే తెలుసులే మావయ్యా" అంది. "నువ్వు అంకె లేకుండా జవాబు చెప్పింది అదొక్కసారే."

చీర ఇంకా మా పెట్టెలో అడుగునే ఉంది. ఎవరికి పెట్టడానికీ మా ఆవిడకు చెయ్యి రాలేదు.

వాళ్ళు వెళ్ళే ముందు అల్లుణ్ణి ఒక్కటి అడిగాను. పడవ రాళ్ళకు తగిలినచోటి నుంచి గట్టి నేల ఎంత దూరం ఉంటుందని. కళ్ళు మూసుకుని ఆలోచించి, నలభై గజాలుంటుందేమో అన్నాడు. పదహారు మందిలో ఇద్దరు ఆ నలభై గజాల్లో పోయారు. ఒకతనిది చిట్టగాంగు దగ్గర పల్లె. రెండో అతని ఊరు ఇతనికి తెలియదు.

పాత కాగితం తీసి, "రేవు" అన్నచోట నలభై గజాలని రాశాను. దాని కింద ఇద్దరని వేశాను. ఆ రెండిళ్ళలో ఆడవాళ్ళకు ఎవరు ఏ లెక్క చెప్పి ఉంటారో, కర్మ ఎన్నాళ్ళు ఆపి ఉంటారో తెలుసుకునే దారి నాకు లేదు.